భారత అణ్వాయుధ విధానం ఏం సాధించాలనుకుంటోంది?

"మనం ముందుగా ప్రయోగించబోమని చెప్పాక ఇక అణ్వాయుధాలెందుకు?" అని హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. 1998 మే నెలలో పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపిన భారత్, 2003 జనవరి 4న ప్రకటించిన విధానంలో 'విశ్వసనీయమైన కనీస నిరోధం' అన్న లక్ష్యాన్ని పెట్టుకుంది; అంటే, దాడి చేస్తే తట్టుకోలేని ప్రతిదాడి తప్పదన్న భయంతో శత్రువు అసలు సాహసించకుండా చేయడమే దాని ఉద్దేశం.

ఆ భయం నిజమైనది కావాలంటే, ఓరుగల్లులో మట్టికోట దాటిన శత్రువుకు రాతికోట ఎదురైనట్టు, మొదటి దెబ్బ తిన్నాక కూడా మన దగ్గర ఆయుధాలు మిగిలి ఉండాలి. అందుకే శత్రువు కంటపడకుండా సముద్రం లోపల దాగి అణు క్షిపణులను ప్రయోగించగల, విశాఖపట్నంలో నిర్మించిన అరిహంత్ జలాంతర్గామిని నేను అన్నిటికన్నా కీలకంగా భావిస్తాను. ప్రయోగానికి అనుమతించే అధికారం ప్రధాని అధ్యక్షతన ఉన్న రాజకీయ మండలిదే. అయితే జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వాయుధాలతో బదులిచ్చే వెసులుబాటును కూడా ఈ విధానం అట్టిపెట్టుకుందన్న సంగతిని చాలామంది గమనించరు.