ఆక్యుపంక్చర్ బిల్లు ఇన్సూరెన్స్ కట్టనంటే మనమే కట్టాలా? న్యూయార్క్ నో-ఫాల్ట్‌లో నాకు జరిగింది

గుంటూరు నుంచి మిమ్మల్ని చూడటానికి వచ్చిన అమ్మగారు మీ కారులో వెనక సీట్లో ఉండగా యాక్సిడెంట్ అయిందని, మెడనొప్పికి ఆక్యుపంక్చర్ చేయిస్తుంటే మధ్యలో "వైద్యపరంగా అవసరం లేదు" అని ఇన్సూరెన్స్ నుంచి ఉత్తరం వచ్చిందని రాశారు. బిల్లు మీ మీద పడొచ్చని క్లినిక్‌లో అన్నారట. ఉత్తరంలో ఉన్న కారణం అదొక్కటే అయితే, చాలావరకు ఆ బిల్లు మీరు కట్టక్కర్లేదు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి.

న్యూయార్క్‌లో తప్పు ఎవరిదైనా, కారులో ఉన్నవాళ్ల వైద్యానికి ఆ కారు ఇన్సూరెన్సే కడుతుంది. నో-ఫాల్ట్ అంటే అదే. కనీస పాలసీలో కూడా మనిషికి 50,000 డాలర్ల వరకు ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకూ అంతే. యాక్సిడెంట్ అయిన 30 రోజుల్లోపు ఎన్ఎఫ్-2 ఫారం, అంటే క్లెయిమ్ దరఖాస్తు, పంపి ఉంటారు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

మొదటిరోజు క్లినిక్‌లో అమ్మగారి చేత కొన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని ఉంటారు. అందులో "అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్" అనేది ఉందేమో చూడండి. ఆ కాగితంతో ఇన్సూరెన్స్ నుంచి డబ్బు వసూలు చేసుకునే హక్కు క్లినిక్‌కి వెళ్లిపోతుంది. దానికి బదులుగా, ఆ చికిత్స డబ్బు పేషెంట్‌ని అడగబోమని క్లినిక్ అదే కాగితంలో ఒప్పుకుంటుంది. దీనికి మినహాయింపు ఒకటుంది. అసలు కవరేజీయే లేకపోయినా, పేషెంట్ చేసిన పని వల్ల పాలసీ షరతు తప్పినా, క్లినిక్ ఆ ఒప్పందం రద్దు చేసుకుని బిల్లు మనకి పంపొచ్చు. "అవసరం లేదు" అనే కారణం దీని కిందికి రాదు. ఆ గొడవ క్లినిక్‌కీ కంపెనీకీ మధ్యదే. అసైన్‌మెంట్ కాకుండా కేవలం "ఆథరైజేషన్" మీద, అంటే డబ్బు నేరుగా క్లినిక్‌కి కట్టమని కంపెనీకి చెప్పే అనుమతి మీద, సంతకం పెట్టించుకుని ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు హక్కూ మనదే, బాధ్యతా మనదే. అందుకే ఆ కాగితం కాపీ ఈరోజే అడిగి తీసుకోండి.

నా సంగతి చెప్తాను. 2022 నవంబర్‌లో లాంగ్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రాఫిక్‌లో ఆగి ఉన్న నా కారుని వెనక నుంచి గుద్దారు. మెడ కుడివైపు తిరిగేది కాదు. ఫిజియోథెరపీతో పాటు వారానికి రెండుసార్లు ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను. దానివల్లే రాత్రిళ్లు నిద్ర పట్టేది. మూడో నెలలో ఐఎంఈకి రమ్మని, అంటే కంపెనీ పెట్టిన డాక్టర్ దగ్గరికి పరీక్షకి రమ్మని ఉత్తరం వచ్చింది. మేం అప్పుడే ఇల్లు మారాం, ఉత్తరం పాత ఇంటికి వెళ్లింది. ఆ తేదీ దాటిపోయింది. రెండో ఉత్తరం మా పాత ఇంటాయన ఫోన్ చేసి చెప్తే తెలిసింది, అదీ పరీక్షకి రెండురోజుల ముందు. ఆయన ఫోన్ చేయకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. రెండుసార్లు వెళ్లకపోతే పాలసీ షరతు తప్పినట్టే లెక్కగట్టి మొత్తం క్లెయిమ్ కొట్టేస్తారు. ఇందాక చెప్పిన మినహాయింపు అప్పుడు మన మెడకి చుట్టుకుంటుంది.

ఆ డాక్టర్ పది నిమిషాలు చూసి మెడ మామూలుగానే ఉందని రాశారు. ఆ తేదీ నుంచి ఆక్యుపంక్చర్ ఆపేస్తున్నట్టు ఎన్ఎఫ్-10 వచ్చింది. డబ్బు ఇవ్వబోమని చెప్పే ఫారం అదే. అదృష్టం కొద్దీ అదే వారంలో మా సొంత డాక్టర్ కూడా పరీక్ష చేసి, మెడ ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో కొలిచి, కండరాలు ఎక్కడ పట్టేశాయో రాసిపెట్టారు. క్లినిక్ ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి దగ్గరికి, వెళ్లినప్పుడు నిలబడింది ఆ కాగితమే. తేలడానికి ఏడాది పైనే పట్టింది. ఆపేసిన తేదీ తర్వాతి ఆరువారాల బిల్లులు వడ్డీతో సహా వచ్చాయని క్లినిక్ వాళ్లు చెప్పారు. అంతకు మించి రాలేదు. నన్ను మాత్రం ఒక్క డాలర్ అడగలేదు. కాబట్టి అమ్మగారికి ఇంకా నొప్పి ఉంటే, ఈ వారంలోనే డాక్టర్ దగ్గర మళ్లీ పరీక్ష చేయించి, కొలతలతో రాయమనండి. "నొప్పిగా ఉందన్నారు" అనే ఒక్క ముక్క ఏ ఆర్బిట్రేటర్‌కీ సరిపోదు.

క్లినిక్ అడిగినంత ఇవ్వకుండా తగ్గించి కట్టామని ఉత్తరాలు వస్తే కంగారు పడకండి. అది ఫీజు షెడ్యూల్ గొడవ, అంటే ఏ చికిత్సకి ఎంత ఇవ్వాలనే రేట్ల పట్టిక గురించి. ఆక్యుపంక్చరిస్టులకి చైరోప్రాక్టర్ల (వెన్నెముకని చేతులతో సరిచేసేవాళ్ల) రేటే ఇస్తామని కంపెనీలు, చాలదని క్లినిక్‌లు ఇక్కడి కోర్టుల్లో ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. మనకి దాంతో పనిలేదు.

మీ విషయంలో నాకు నిజంగా భయంగా ఉన్నది అమ్మగారి తిరుగు ప్రయాణం. ఆవిడ గుంటూరు వెళ్లిపోయాక ఐఎంఈ ఉత్తరం వస్తే ఎవరు వెళ్తారు? టికెట్ తేదీ ఇప్పుడే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, పరీక్ష ఏమైనా ఉంటే అంతకుముందే పెట్టమని అడగండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. ఈమెయిల్‌తో పాటు సర్టిఫైడ్ మెయిల్ కూడా పంపండి. పరీక్ష వీలైన చోట, వీలైన టైములో పెట్టాలని నిబంధన ఉంది. రాకపోకల ఖర్చు కూడా వాళ్లే ఇవ్వాలి, అడగండి. అమ్మగారికి ఇంగ్లీషు ఇబ్బందైతే మీరూ లోపలికి వెళ్లి, ఎన్ని గంటలకి మొదలైందో, ఏమేం పరీక్షించారో బయటికి రాగానే రాసుకోండి.

క్లినిక్‌కి మీరే జేబులోంచి కట్టి ఉంటే, లేదా సంతకం పెట్టింది ఆథరైజేషన్ మీదైతే, అప్పుడు పోట్లాడాల్సింది మీరే. అమెరికన్ ఆర్బిట్రేషన్ అసోసియేషన్‌లో 40 డాలర్ల ఫీజుతో కేసు వేయొచ్చు. కంపెనీకి కావలసిన కాగితాలన్నీ అందిన 30 రోజుల్లో కట్టకపోతే నెలకి 2 శాతం వడ్డీ కూడా రావాలి. లాయర్ ఫీజులో కొంత భాగం కూడా గెలిస్తే కంపెనీయే ఇవ్వాలి, అందుకని ఈ కేసులు తీసుకునే లాయర్లు దొరుకుతారు.

ఎన్ఎఫ్-10లో కారణాల దగ్గర టిక్ పెట్టిన వాక్యం, సంతకం పెట్టిన కాగితం పేరు ఇక్కడ రాయండి. అమ్మగారి పేరు, క్లెయిమ్ నంబరు మాత్రం తీసేయండి. రాత్రికి చూసి చెప్తాను.