పరిశోధన సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లింది, ఉప్పునీరు మాత్రం కనెక్టర్‌లోకే వెళుతోంది

“మా తమ్ముడు మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాహనాలన్నీ ఎలక్ట్రానిక్స్‌తో నిండిపోతున్న ఈ రోజుల్లో ఆటోమొబైల్ పరిశోధనలో వాడికి చోటుంటుందా?” అని మీరు అడిగారు. నేను భీమవరం ప్రాంతంలో పుట్టి పెరిగి, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఇంజిన్ కంట్రోల్ యూనిట్లను, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్లను, పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. చోటు తప్పకుండా ఉంది. పరిశోధన మొత్తం సాఫ్ట్‌వేర్ వైపు ఒరిగిపోవడం వల్ల తీగలు, కనెక్టర్లు, సీళ్ల పని దిక్కులేనిదై మిగిలిపోయిందని నా గట్టి నమ్మకం.

ఒకప్పుడు ప్రతి స్విచ్చికీ ఒక తీగ వేరుగా వెళ్లేది. 1986లో బాష్ సంస్థ కెన్ (CAN) అనే సమాచార పద్ధతిని ప్రకటించిన తరువాత, రెండు తీగల మీదే ఎన్నో యూనిట్లు పరస్పరం సమాచారం ఇచ్చుకోవడం సాధ్యమైంది. దాంతో ఇంజినీర్లు విడిభాగాన్ని పరీక్షించడం తగ్గించి, ఆ యూనిట్ల మధ్య నడిచే సంభాషణను పరీక్షించడం మొదలుపెట్టారు. మా ప్రయోగశాలలో అసలు ఇంజినే ఉండదు. ఒక కంప్యూటర్ ఇంజిన్‌లా నటిస్తుంది, బల్ల మీద ఉన్న కంట్రోల్ యూనిట్ తాను నిజంగానే జాతీయ రహదారి మీద ఉన్నానని భ్రమపడుతుంది. రాత్రికి రాత్రి వందల పరిస్థితులను ఇలా పరీక్షించగలం. 2011లో వచ్చిన ఐఎస్ఓ 26262 అనే వాహన ఎలక్ట్రానిక్స్ భద్రతా ప్రమాణం పుణ్యమా అని, ఆ పరీక్షల కంటే వాటిని నమోదు చేసే పత్రాలే ఎక్కువ సమయం తింటున్నాయి. ఇక 2015లో ఫోక్స్‌వ్యాగన్ సాఫ్ట్‌వేర్ ప్రయోగశాల పరీక్షను పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగను అదుపులో పెడుతోందని బయటపడ్డాక, నిజమైన రోడ్డు మీద కొలవాలన్న పట్టుదల పెరిగింది. మన దేశంలో బీఎస్-6 అనే పొగ ప్రమాణాల రెండో దశతో 2023 ఏప్రిల్ 1 నుంచి అది నిబంధనగా వచ్చింది.

అయితే ఏ రోడ్డు మీద? మా బావకు వీరవాసరం దగ్గర రొయ్యల చెరువులు, సరుకు తోలడానికి ఒక బీఎస్-6 డీజిల్ పికప్ వ్యాన్ ఉన్నాయి. పట్టుబడి రోజున రొయ్యలూ ఐసూ కలిపి నింపిన ట్రేలను బండిలో పేరుస్తారు. రొయ్యలను శుద్ధి చేసే ప్లాంటుకు చేరేదాకా కరిగిన ఉప్పునీరు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతూనే ఉంటుంది. కొంతకాలానికి ఆ బండిలో చెక్ ఇంజిన్ దీపం వెలిగి, ఎంత తొక్కినా వేగం అందుకోకుండా ఈడ్చుకుంటూ నడవసాగింది. సర్వీస్ సెంటర్‌వారు లోపాల కోడ్‌లు చూపే స్కానర్ తగిలించి, మసి ఫిల్టర్ పూడుకుపోయిందని ఒకసారి, దాని ప్రెజర్ సెన్సార్ పాడైందని మరొకసారి చెప్పి, సెన్సార్ మార్చి బిల్లు చేతికిచ్చారు. వారం తిరగకముందే సరుకుతో వెళుతుండగా మళ్లీ అదే దీపం వెలిగింది. ఐసు కరిగే కొద్దీ బావ మొహం పాలిపోవడం నేను పక్క సీట్లోంచి చూశాను.

సరుకు వేరే బండిలోకి ఎక్కించి, దీన్ని పాలకొల్లులో ఒక పెద్దాయన నడిపే ఆటో ఎలక్ట్రికల్ షాపుకు తీసుకువెళ్లాం. ఆయన స్కానర్ జోలికే పోలేదు. ఇంజిన్ నడుస్తుండగా తీగల కట్టను జానెడు జానెడు చొప్పున చేత్తో కదుపుతూ వెళ్లాడు. బాడీ కింద ఒకచోట కదపగానే ఇంజిన్ శబ్దం మారింది. అక్కడి కనెక్టర్ విప్పితే, చెక్కుచెదరని రబ్బరు సీలు వెనుక ఒక పిన్నుకు పచ్చటి చిలుము దట్టంగా పట్టి ఉంది. “సెన్సారుకి రోగమేం లేదండి, గొడవంతా దార్లో ఉందండి” అన్నాడాయన. అది సెన్సార్ ఎర్త్ పిన్ను. చిలుము వల్ల అక్కడ నిరోధం పెరిగితే సిగ్నల్ వోల్టేజీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, కంట్రోల్ యూనిట్ దాన్ని ఫిల్టర్‌లో పెరిగిన ఒత్తిడిగా చదువుతుంది, ఫిల్టర్ నిండిందనుకుని ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది. సాఫ్ట్‌వేర్ తనకు రాసిచ్చినట్లే పొల్లుపోకుండా పనిచేసింది.

మా బల్ల మీద తీగ తెగినట్లు, బ్యాటరీకి తగిలినట్లు, ఎర్త్‌కు తగిలినట్లు లోపాలు సృష్టిస్తాం. సగం చిలుము పట్టి, గోతిలో పడ్డప్పుడల్లా మారిపోయే పిన్ను మా జాబితాలో లేదు. నీళ్లు, దుమ్ము చొరబడవని చెప్పే ఐపీ67 ముద్ర పొందాలంటే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకోవాలి. ఉప్పు తుంపర్ల పరీక్షలో 5 శాతం ద్రావణాన్ని 35 డిగ్రీల వద్ద చల్లుతారు. రెండూ మంచి పరీక్షలే. కానీ వేడెక్కిన బండిని చెరువు గట్టు మీద చన్నీళ్ల పంపుతో కడిగితే కనెక్టర్ లోపలి గాలి కుంచించుకుని నీటిని లోనికి పీలుస్తుంది, ఆ నీరు తీగ పోగుల సందుల్లో పాకుతుంది. ఇది రోజూ జరుగుతూ, పైన ఉప్పు, కింద గతుకులు తోడైతే ఏమవుతుందో తేల్చే పరీక్ష నేను చూసిన ఏ ప్రణాళికలోనూ లేదు. వేడికి రాజస్థాన్, ఎత్తుకు లద్దాఖ్ వెళ్లే పరీక్షా బృందాలు అంతర్వేది, నరసాపురం వైపు ఒక వర్షాకాలమైనా గడపకపోవడం, నా దృష్టిలో, గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోవడమే.

మరో బాధ కూడా చెప్పుకోవాలి. కంపెనీ స్కానర్, వైరింగ్ డయాగ్రమ్ బయటి మెకానిక్‌లకు సులువుగా దొరకవు. అవి దొరికినవారేమో తెర మీది కోడ్ చూసి భాగం మార్చడమే మరమ్మతు అనుకుంటున్నారు. అందువల్ల పాలకొల్లు పెద్దాయన కనిపెట్టిన అసలు కారణం డిజైన్ చేసినవారికి ఎన్నటికీ చేరదు, వారి లెక్కల్లో అది “సెన్సార్ వైఫల్యం”గానే నమోదై, తరువాతి సెన్సార్‌ను మరింత ఖరీదుగా తయారుచేస్తారు.

కాబట్టి మీ తమ్ముణ్ని కెన్‌నూ, కంప్యూటర్‌లో యంత్రాల నమూనాలు నడిపే సిములింక్ సాఫ్ట్‌వేర్‌నూ నేర్చుకోమనండి, ఇంటర్వ్యూలో అడిగేవి అవే. వాటితోపాటు ఒక వేసవి ఇలాంటి షాపులో గడిపి, వైరింగ్ డయాగ్రమ్ చదవడం, కరెంటు పారుతుండగా వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో మల్టీమీటర్‌తో పట్టుకోవడం నేర్చుకోవాలి. రబ్బరు సీలు అలసట, పిన్ను పూత అరుగుదల, కంపనం, వ్యాకోచం అన్నీ మెకానికల్ చదువులోనివే. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డాక బ్యాటరీల ఏఐఎస్-156 నిబంధనలను కఠినం చేశారు, అక్కడా ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు వేడి పాకడమే ప్రధాన సమస్య, అది హీట్ ట్రాన్స్‌ఫర్ పాఠమే. ఈ పని తెలిసినవారు దొరకక మా విభాగంలో ఖాళీలు నెలల తరబడి అలాగే ఉండిపోతున్నాయి.