వీధి చివర ఎరువు షెడ్డు: స్టేకి వెళ్లే ముందు చూడాల్సిన కాగితం

ప్రశ్న: మాది కర్నూలు. రిటైరైన టీచర్ని. ఇరవై రెండేళ్ల కిందట ఒక లేఅవుట్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. మా వీధి చివర అర ఎకరం దాకా ఖాళీ స్థలం ఉంది. ఎవరెవరో వచ్చి అక్కడ చెత్త పోస్తుంటారు, అప్పుడప్పుడు తగలబెడుతుంటారు. ఇప్పుడు ఆ స్థలంలో తడి చెత్తతో ఎరువు తయారుచేసే షెడ్డు పెడతారట. రోజుకు రెండు టన్నులు వస్తుందని చెబుతున్నారు. కొలతలు కూడా తీసుకుపోయారు. ఆ స్థలం పార్కు కోసం వదిలిందని కొందరు, మునిసిపల్ స్థలమేనని కొందరు అంటున్నారు. నా భార్యకు ఆస్తమా. కాలనీవాళ్లం చందాలు వేసుకుని, పని ఆపించేలా కోర్టు నుంచి స్టే తెద్దామనుకుంటున్నాం. స్టే వస్తుందా? అసలు ఊరి చెత్త ఎక్కడికి పోవాలో ఎవరు నిర్ణయిస్తారు? పక్కన ఉండేవాళ్లను ఒక్క మాట అడగక్కర్లేదా?

జవాబు: మాస్టారూ, మీరు మొదట అడిగింది స్టే గురించి, చివర అడిగింది మిమ్మల్ని అడగాలా వద్దా అని. నా దృష్టిలో చివరి ప్రశ్నే పెద్దది. కానీ దానికన్నా ముందు ఒక కాగితం సంగతి తేల్చుకోవాలి. మీ లేఅవుట్ ప్లాను.

లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లతో పాటు కొంత ఖాళీ స్థలం అందరి కోసం వదిలించి, దాన్ని గిఫ్ట్ డీడ్‌తో, అంటే దానపత్రంతో, మునిసిపాలిటీకి రాయించుకుంటారు. కాబట్టి మీ కాలనీలో రెండు వర్గాలు చెబుతున్నదీ నిజమే కావచ్చు. స్థలం మునిసిపాలిటీదే, అయినా పార్కు కోసం వదిలిందే. ఆమోదం పొందిన ప్లానులో ఆ ముక్క మీద పార్కు అనో, ఓపెన్ స్పేస్ అనో రాసి ఉంటే మీ కేసుకు బలం అక్కడే ఉంది. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయమే చూసింది. పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇస్తే, చుట్టుపక్కల ఉండేవాళ్లే కోర్టుకు వెళ్లారు. మీకేం హక్కుంది అని కోర్టు వాళ్లను తిప్పి పంపలేదు. పార్కు పోతే నష్టపోయేది వాళ్లే గనుక అడిగే హక్కు వాళ్లకుందని చెప్పి, ఆ కేటాయింపును తప్పుపట్టింది. మీ స్థలం పార్కుదని కాగితం మీద తేలితే హైకోర్టులో రిట్, అంటే అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్, వేయడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. పార్కులో రాలిన ఆకులను అక్కడే ఒక గుంటలో వేసి ఎరువు చేసుకుంటే ఎవరూ కాదనరు. ఊళ్లోంచి రోజుకు రెండు టన్నులు తెచ్చి పోయడం వేరే సంగతి.

ఆ స్థలం పార్కుది కాదని తేలితే మాత్రం మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. షెడ్డు వద్దు అన్న ఒక్క మాట మీద స్టే రావడం కష్టం. చట్టం ఆ షెడ్డు వైపే మొగ్గుతుంది. తడి చెత్తను దూరంగా ఉన్న డంపింగ్ యార్డుకు మోయకుండా ఎక్కడికక్కడ ఎరువు చేయడాన్ని ప్రోత్సహించాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. వాటి స్థానంలో కేంద్రం తెచ్చిన 2026 నియమాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా ఉన్నాయి. అవి కూడా తడి చెత్తను దగ్గర్లోని కేంద్రంలో ఎరువుగానో, గ్యాస్‌గానో మార్చాలంటున్నాయి. చుట్టూ ఖాళీ జాగా, అంటే బఫర్ జోన్, వదలాలన్న షరతు రోజుకు 5 టన్నుల సామర్థ్యం దాటిన కేంద్రాలకే. నివాసాలకు 200 మీటర్ల దూరం అన్న మాట మీరు విని ఉంటారు. 2016 నియమాల్లో ఆ లెక్క చెత్తను పూడ్చే ల్యాండ్‌ఫిల్‌కు రాసింది. నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు అన్నవి కూడా దానికే. రెండు టన్నుల ఎరువు షెడ్డుకు ఆ కొలతలు పట్టుకుని వాదిస్తే అవతలి వకీలు రెండు నిమిషాల్లో తీసి పక్కన పెడతారు.

అయితే మీ చేతిలో ఏమీ లేదని కాదు. స్థానికంగా ఎరువు చేయమన్న అదే 2016 నిబంధనలో, వాసనను అదుపులో పెట్టి, చుట్టుపక్కల శుభ్రంగా ఉంచడానికి లోబడి, అన్న షరతు ఉండేది. షెడ్డు పెట్టుకునే వీలు, వాసన రానివ్వకూడదన్న బాధ్యత ఒకే వాక్యంలో వచ్చాయి. మీరు పట్టుకోవాల్సింది ఆ రెండో సగాన్ని.

ఇక ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్రం నియమాలు చేస్తుంది. రాష్ట్రం ఒక విధానం ప్రకటిస్తుంది. దాన్ని బట్టి నగరం తన ప్రణాళిక, తన బైలాలు, అంటే సొంత నిబంధనలు, రాసుకోవాలి. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ పట్టణ సంస్థల పనుల్లోనే ఉన్నాయి. చదవడానికి ఇదంతా పైనుంచి కిందికి దిగినట్టుంటుంది గానీ, మధ్యలో ఎంచుకునే వీలు చాలా ఉంది. చెత్త పన్నే చూడండి. వాడుక రుసుము వసూలు చేసుకోవచ్చని కేంద్ర నియమాలు చెప్పాయి. మన రాష్ట్రంలో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో ఇంటింటికీ వసూలు మొదలైంది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. మూడేళ్లలో కేంద్ర నియమంలో ఒక్క అక్షరం మారలేదు, విధానం మాత్రం తలకిందులైంది. జనం గట్టిగా మాట్లాడారు గనుకే మారింది. డబ్బు విషయంలో మాట్లాడినంత గట్టిగా స్థలం విషయంలో, పద్ధతి విషయంలో ఎందుకు మాట్లాడమో నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మాట్లాడే చోటు చట్టంలో ఉంది. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4(1)(సి) చదవండి. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలని అందులో ఉంది. ఆ పక్కనే ఉన్న (డి) ప్రకారం, నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవాళ్లకు కారణాలు చెప్పాలి. అంటే మీరు దరఖాస్తు పెట్టకముందే వాళ్లంతట వాళ్లు చెప్పాల్సిన విషయాలివి. ఇంకొకటి. రాజ్యాంగంలోని 243ఎస్ ప్రకారం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలి. 2011 లెక్కల్లోనే కర్నూలు నాలుగు లక్షలు దాటింది. వీధి చివర షెడ్డు రావాలా వద్దా, వస్తే ఎలా అన్నది చర్చించాల్సింది అలాంటి చోటే. కౌన్సిల్ ఉన్నప్పుడు మీ కార్పొరేటరును, గడువు తీరి కౌన్సిల్ లేనప్పుడు ప్రత్యేకాధికారిని, మా వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది అని రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే నోటితోనే పోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. చందా డబ్బులు అలాగే ఉంచండి. పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌లో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేయండి. అందులో ఆమోదించిన లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ నకలు, షెడ్డుకు సంబంధించిన తీర్మానం, షెడ్డు సామర్థ్యం, నగర ఘన వ్యర్థాల ప్రణాళిక, బైలాల ప్రతి అడగండి. ఎందుకు పెడుతున్నారు అని ప్రశ్న వేయకండి, కాగితం అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. ఈలోగా కమిషనర్‌కు కాలనీ తరఫున ఒక వినతిపత్రం ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వండి. రేపు హైకోర్టుకు వెళ్లినా, మీరు ముందు అధికారులను అడిగారా అన్నదే అక్కడ వినబడే మొదటి మాట.

ఆ వినతిపత్రంలో ఏం రాయాలో చెప్పే ముందు నేను చూసిన రెండు షెడ్ల సంగతి చెప్పాలి. ఊళ్ల పేర్లు అవసరం లేదు. ఒకదాని దగ్గర బండి దిగేసరికే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. లోపల పోగులో అన్నం, కూరగాయల తొక్కలతో పాటు పాల కవర్లు, పిల్లల డైపర్లు, పగిలిన సీసాలు. ఒకామె చేతులకు ఏమీ లేకుండా వాటిని ఏరుతోంది. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. పోగు కింద నుంచి నల్లటి నీరు కారి రోడ్డు మీదికి వస్తోంది. రెండో ఊళ్లో నేను షెడ్డు పక్కనే నిలబడి, షెడ్డు ఎక్కడుందని అడిగాను. అక్కడ తడి చెత్త ఒక్కటే వస్తుంది. తెచ్చిన రోజే ఎండుటాకులు, రంపపు పొట్టు కలిపి వరసలుగా పోస్తారు, వారానికోసారి తిరగేస్తారు. పనిచేసే పెద్దాయన పోగులో చెయ్యి పెట్టమన్నాడు. లోపల కాలుతున్నంత వేడి. వాసన మాత్రం తొలకరి తడిసిన చేను వాసన. మన పల్లెల్లో ఇంటింటికీ ఒక దిబ్బ ఉండేది కదా, వేసవిలో బండి కట్టి చేనుకు ఎరువు తోలేవాళ్లం కదా. ఇది అదే పని. తేడా అంతా దిబ్బలో ఏం వేశామన్న దాంట్లోనే ఉంది.

అందుకే వినతిపత్రంలో షరతులు రాయండి. వేరుచేసిన తడి చెత్త తప్ప వేరేది దించకూడదు. రోజుకు రెండు టన్నులకు మించి తేకూడదు, తూకం పుస్తకం కాలనీవాళ్లు చూసేలా ఉండాలి. నేల సిమెంటు చేసి, కారిన నీరు పట్టే తొట్టి కట్టాలి. వచ్చింది వచ్చిన రోజే కప్పాలి. వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఎన్ని గంటల్లో సరిచేస్తారో బోర్డు మీద రాయాలి. పనిచేసేవాళ్లకు గ్లౌజులు, బూట్లు, మాస్కులు ఇవ్వాలి, 2016 నియమాల్లోనే ఇది ఉంది, ఎవరి దయా కాదు. ఈ ఒక్క షరతును మాత్రం ఏ బేరంలోనూ వదులుకోవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఇవన్నీ ఒప్పుకుని కమిషనర్ రాతపూర్వకంగా ఇస్తే అది మీకు స్టే కన్నా ఎక్కువ పనికొస్తుంది. స్టే ఎప్పుడైనా పోతుంది. రాసిచ్చిన షరతును మీరిన రోజు కోర్టు ముందు పెట్టడానికి మీకు ఆధారం ఉంటుంది.

ఆస్తమా విషయం. ఇప్పుడు ఆ స్థలంలో లేస్తున్న పొగ మీ ఇంట్లోకి ఇప్పటికే వస్తోంది, షెడ్డు ఇంకా రాలేదు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న అల్మిత్రా పటేల్ కేసులో నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు చెల్లించాలని చెప్పింది. మంట కనబడిన ప్రతిసారీ తేదీ, సమయం తెలిసేలా ఫోటో తీసి వార్డు సచివాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. అమ్మగారి డాక్టరు చీటీలు కూడా తేదీల వారీగా దాచండి. షెడ్డు వచ్చాక నిజంగానే ఇబ్బంది అయితే ఆ ఫైలే మీకు అక్కరకొస్తుంది.

అలా ఇబ్బంది అయితే దారులున్నాయి. బీఎన్‌ఎస్‌ఎస్, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, సెక్షన్ 152 కింద, ప్రజలకు కలిగే ఇబ్బందిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇది 133. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో ఆ సెక్షన్ మీదే జస్టిస్ కృష్ణయ్యర్, డబ్బు లేదన్న సాకుతో మునిసిపాలిటీ పారిశుద్ధ్య బాధ్యత నుంచి తప్పించుకోలేదని తీర్పు చెప్పారు. హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. వివాదం తలెత్తిన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్లాలి, ఆ గడువు గుర్తుంచుకోండి. ట్రిబ్యునల్ తేల్చగల పర్యావరణ వివాదాల్లో సివిల్ కోర్టుకు అధికారం ఉండదు గనుక ఇక్కడ ఇంజంక్షన్ సూట్, అంటే షెడ్డు ఆపమని కోరే దావా, వేయమనే సలహా వినకండి. ఖర్చు భయమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో శాశ్వత లోక్ అదాలత్ గురించి అడగండి. పారిశుద్ధ్యం దాని పరిధిలోకి వచ్చే ప్రజా సేవల్లో ఒకటి, కోర్టు ఫీజు ఉండదు.

ఒక మాట చనువుగా అడుగుతాను, ఏమనుకోకండి. మీ వీధిలో ఎన్ని ఇళ్లు చెత్తను వేరుచేసి బండికి ఇస్తున్నాయి? కొత్త నియమాల్లో ఇంట్లోనే నాలుగు రకాలుగా వేరుచేయాలి. తడి, పొడి, శానిటరీ ప్యాడ్లు డైపర్లు, ఇంకా బల్బులు, మందులు, పెయింటు డబ్బాల్లాంటివి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు రెండూ ఊళ్లోకి వచ్చి తిరిగి వెళ్లాక, మనం కలిపి పారేసిన చెత్తే మన గడపల్లో బురదతో కలిసి ఎలా మిగిలిందో మీరూ చూసే ఉంటారు. మేం వేరుచేసి ఇస్తున్నాం, మీరు కలిపేసి తెస్తున్నారు అని కాలనీ చెప్పగలిగితే అధికారి ఎదుట మీ మాటకు వచ్చే బరువు వేరు. షెడ్డు బాగా నడవాలన్నా ముందు కావాల్సింది అదే.

లేఅవుట్ ప్లాను చేతికొచ్చాక నా దగ్గరికి తీసుకురండి. నకలు తీసుకునేటప్పుడు అసలు సైజులోనే అడగండి. ఏ4 కాగితం మీదికి కుదించి ఇస్తే ఖాళీ స్థలం మీద రాసిన అక్షరాలు చదవడానికి రావు.