నూనె గడ్డకట్టడం, గొట్టంలో తెల్లపొడి: రెండింటికీ కారణాలు వేరు

చిత్తూరులో మీరు ప్లాస్టిక్ పాల కవర్లను గాలి తగలకుండా కాచి తీసిన నూనె తెల్లవారేసరికి వెన్నలా గడ్డకడుతోందని, గొట్టంలో తెల్లపొడి పేరుకుంటోందని అడిగారు.

గడ్డకట్టేది మైనం. పాల కవర్ల ప్లాస్టిక్ అయిన పాలిథిలిన్‌లోని పొడవాటి అణు గొలుసులు సగమే తెగితే అలా మిగులుతుంది. మంట పెంచితే మైనం ఇంకా వేగంగా బయటికొస్తుంది. ఆవిరిని చల్లార్చి నూనెగా మార్చే కండెన్సరుకు ముందు నిలువు గొట్టం పెట్టండి; బరువైన ఆవిరి చల్లబడి రియాక్టరులోకే (ప్లాస్టిక్ కాగే పాత్రలోకే) జారి మళ్లీ తెగుతుంది. గొలుసులు తెగడాన్ని వేగిరపరిచే జియోలైట్ అనే ఖనిజ ఉత్ప్రేరకమూ పనిచేస్తుంది.

పొడి మాత్రం నీళ్ల సీసాలది. వాటి ప్లాస్టిక్ అయిన పెట్ (PET) నూనెనివ్వదు, ఆమ్లాల పొడినిస్తుంది. తిరుపతి యాత్రికులు పడేసినవి తేరగా దొరికాయని కలిపినట్టున్నారు! వాటిని పాతసామాన్ల కొట్టుకు అమ్మండి. పీవీసీ (నీటి పైపుల ప్లాస్టిక్) ముక్క ఒక్కటీ వద్దు. దాన్నుంచి వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇనుమును తినేస్తుంది.

ఈ నూనెలో పెట్రోలులా భగ్గుమనే భాగం ఉంటుంది. ట్రాక్టరులో పోయకండి, ఇంట్లో నిల్వ ఉంచకండి.