పాపకు, మోడెం మీద చెయ్యి వేసే ముందు

తిరుపతి

పాపా,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి అదే ఆలోచన. ఆఫీసు మీటింగ్ మధ్యలో తెగిపోతోందన్నావు. కొత్త రౌటర్ కొని మోడెంకి తగిలించినా తేడా లేదన్నావు. అల్లుడు గారు బెంగళూరు నుంచి ఇంటి కెమెరాలు చూడాలంటే తెరుచుకోవడం లేదన్నావు. మోడెంని బ్రిడ్జి మోడ్‌లో పెట్టమని ఎవరో చెప్పారట. మాటల్లో చెబితే వరస తప్పుతుంది, అందుకే రాస్తున్నాను. పక్కన పెట్టుకొని చదువుతూ చెయ్యి.

ముందు ఒక పరీక్ష. కొత్త రౌటర్ తీసేసి, ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా మోడెంకి తగిలించి ఒక రోజు మీటింగ్‌లు అలాగే చూడు. అప్పుడూ తెగిపోతుంటే తప్పు లైనులో ఉంది, బ్రిడ్జి పెట్టినా బాగవదు. మోడెం మీద లాస్ అనే ఎర్ర లైటు (సిగ్నల్ రావడం లేదని అర్థం) వెలిగినా, పాన్ లైటు (ఫైబర్ లైను కలిసిందని చెప్పేది) నిలకడగా లేకపోయినా కంపెనీకి ఫోన్ చెయ్యి. సన్నటి ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూడు. బీరువా వెనక నొక్కుకుపోయిన తీగలు నేను చాలా చూశాను. కేబుల్ మీద బాగుండి వైఫై మీదే తెగిపోతుంటే చాలావరకు గోడల సమస్య. అప్పుడు బ్రిడ్జి కూడా అక్కర్లేదు. రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే ఊరికే వైఫై మాత్రం ఇచ్చేలా పెట్టి వెనక గదిలో ఉంచితే చాలు.

బ్రిడ్జి ఎందుకో చెప్తాను. ఇప్పుడు మీ ఇంట్లో ఇద్దరు పెత్తనం చేస్తున్నారు. మోడెం తనకు వచ్చిన ఒక్క ఇంటర్నెట్ అడ్రస్‌ని (ఐపీ అంటారు) ఇంట్లో అందరికీ పంచుతోంది. దాని కింద మీ రౌటర్ మళ్ళీ అదే పని చేస్తోంది. మామూలుగా వీడియోలు చూసుకోవడానికి ఇది అడ్డం కాదు. బయటి నుంచి కెమెరా డీవీఆర్‌కి (కెమెరాల వీడియో దాచే పెట్టె) రావాలంటే మాత్రం రెండు గుమ్మాలూ తెరవాలి, మీరు రౌటర్‌లో ఒక్కటే తెరిచారు. బ్రిడ్జిలో పెడితే మోడెం పెత్తనం వదిలేసి వచ్చిన సిగ్నల్‌ని అలాగే రౌటర్‌కి అందిస్తుంది. లాగిన్ అవ్వడం, అడ్రస్‌లు పంచడం, గుమ్మం కాయడం అన్నీ రౌటరే చూసుకుంటుంది.

ఇది కొత్త విద్య కాదు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తల్లో లీలామహల్ దగ్గర నా నెట్ సెంటర్‌లో మోడెం బ్రిడ్జిలోనే ఉండేది. కంప్యూటర్ తెర మీద బ్రాడ్‌బ్యాండ్ గుర్తును రెండుసార్లు నొక్కి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేసేవాళ్ళం. ఇప్పుడు ఆ డయల్ చేసే పనే రౌటర్‌కి అప్పగిస్తున్నావు. దాన్నే పీపీపీఓఈ అంటారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఏదీ మార్చకముందే ఉన్నదంతా ఫోటో తీసి పెట్టుకో. ఈ మాట నేను నష్టపోయి చెబుతున్నాను. సెంటర్ మూసేయడానికి కొన్నాళ్ళ ముందు ఫైబర్ మోడెం మొరాయించింది. పిన్నుతో వెనక రీసెట్ నొక్కాను. కంపెనీ వాళ్ళు లోపల పెట్టిన సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. పాస్‌వర్డ్ నా దగ్గర లేదు, వాళ్ళ మనిషి రావడానికి రెండు రోజులు పట్టింది. అందులో ఒక రోజు 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో విడుదలయ్యే రోజు. పల్లెల నుంచి ఆధార్ కార్డులు పట్టుకొని తెల్లారేసరికే వచ్చిన వాళ్ళని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఒక పెద్దావిడ ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. నువ్వు ఆ రీసెట్ జోలికి వెళ్ళొద్దు.

ఫోటో తీయాల్సింది మోడెం సెట్టింగుల్లో వ్యాన్ పేజీ, అంటే బయటి లైను వివరాలుండే పేజీ. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా మోడెంలు తెరుచుకుంటాయి, లేకపోతే కింద స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది. అక్కడ యూజర్‌నేమ్, వీల్యాన్ ఐడీ (కంపెనీ తన లైనులో ఒక్కో సేవకు పెట్టే అంకె) రాసుకో. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి కంపెనీకి ఫోన్ చేసి అడుగు. అదే ఫోన్లో ఇంకో రెండు విషయాలు తేల్చుకో: బ్రిడ్జి మార్చడానికి మీకు అనుమతి ఉందా, వాళ్ళు లాగిన్‌ని ఒక్క పరికరం మ్యాక్ అడ్రస్‌కే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) కట్టిపెట్టారా. కొందరు తామే దూరం నుంచి మార్చి ఇస్తారు, అది ఇంకా మంచిది.

ఆ పేజీలో రెండు మూడు కనెక్షన్లు కనిపించవచ్చు. ఇంటర్నెట్ అని ఉన్న ఒక్కదాన్నే రూట్ (మోడెమే పెత్తనం చేసే పద్ధతి) నుంచి బ్రిడ్జికి మార్చు. వాయిస్ అని ఉన్నది ల్యాండ్‌లైన్‌ది, దాన్ని ముట్టుకుంటే మీ అత్తమ్మ ఫోన్ మూగబోతుంది. టీఆర్069 అని ఉంటే అది కంపెనీ వాళ్ళు దూరం నుంచి మోడెంని చూసుకునే దారి, దాన్నీ వదిలెయ్. వీల్యాన్ ఐడీ ఉన్నది ఉన్నట్టే ఉంచి, ల్యాన్1 పోర్టుకి (మోడెం వెనక ల్యాన్1 అని రాసి ఉన్న కేబుల్ రంధ్రం) టిక్ పెట్టి, మోడెం వైఫై ఆపేసి సేవ్ చెయ్యి.

తర్వాత మోడెం ల్యాన్1 నుంచి రౌటర్ వ్యాన్ పోర్టుకి కేబుల్. కేబుల్‌లో ఎనిమిది వైర్లూ పిన్నులో నొక్కి బిగించి (క్రింప్ అయి) ఉండాలి. నాలుగే ఉంటే మీ ప్లాను ఎంత ఉన్నా 100 ఎంబీపీఎస్ దాటదు. రౌటర్‌లో పీపీపీఓఈ ఎంచుకొని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వు. ఎంటీయూ (ఒక్కసారికి పంపే డేటా ముక్క గరిష్ఠ సైజు) 1492 ఉండాలి, 1500లో 8 బైట్లు పీపీపీఓఈ తనకోసం తీసుకుంటుంది. వీల్యాన్ అంకె మోడెంలో ఉంది కాబట్టి రౌటర్‌లో ఖాళీగా వదిలెయ్. రెండు చోట్లా పెడితే లాగిన్ కాదు. మోడెం దాన్ని తీయకుండా అలాగే పంపే రకమైతే మాత్రం రౌటర్‌లో పెట్టాలి. ముందు లేకుండా, కాకపోతే పెట్టి చూడు.

మొదటిసారి లాగిన్ కాకపోతే కంగారు పడొద్దు. మోడెం చేసిన పాత లాగిన్ ఇంకా కంపెనీ దగ్గర బతికే ఉంటుంది, చాలాచోట్ల ఒకేసారి ఒక్కదాన్నే రానిస్తారు. రెండూ ఆపేసి పది నిమిషాలు ఆగు. మోడెం వేసి, లైటు నిలబడ్డాక రౌటర్ వెయ్యి.

రౌటర్ ఇంటి అడ్రస్ 192.168.2.1 గా మార్చు, మోడెందీ దీనిదీ కలవకూడదు. మళ్ళీ ఎప్పుడైనా మోడెం పేజీ చూడాలంటే ల్యాప్‌టాప్‌కి 192.168.1.10 అని చేత్తో ఇచ్చి, ల్యాన్2కి తగిలించు.

కనెక్ట్ అయ్యాక రౌటర్ చూపించే వ్యాన్ అడ్రస్ నాకు పంపు. అది 100.64 నుంచి 100.127 మధ్యలో గానీ, 10. తో (పది, తర్వాత చుక్క) గానీ మొదలైతే కంపెనీ వాళ్ళే పైన ఒకే అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచుతున్నారని అర్థం. అప్పుడు బ్రిడ్జి పెట్టినా అల్లుడు గారి కెమెరాలు బయటికి కనిపించవు. పబ్లిక్ అడ్రస్ కావాలని అడగాలి, దానికి వేరే డబ్బు అడగవచ్చు.

ఇప్పటి నుంచి బయటి ప్రపంచానికి ఎదురుగా నిలబడేది రౌటరే. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యి, బయటి నుంచి లాగిన్ అయ్యే వీలు ఆపెయ్. డీవీఆర్ పాస్‌వర్డ్ కూడా వెంటనే మార్చు, చాలామంది అది మర్చిపోతారు.

కరెంటు పోతే రెండూ ఆగిపోతాయి కాబట్టి మినీ యూపీఎస్ రెండిటికీ సరిపోయేది తీసుకో. అడాప్టర్ల మీద వోల్టులు చూసే తగిలించు. పిన్ను ఒకేలా ఉన్నా ఒకటి 9, ఇంకొకటి 12 వోల్టులు ఉండొచ్చు, తారుమారైతే కాలిపోతాయి.

ఆదివారం ఉదయం మొదలుపెట్టు, సోమవారం మీటింగ్ ఉండగా రాత్రిపూట వద్దు. వ్యాన్ పేజీ ఫోటోలో పాస్‌వర్డ్ కనిపించకుండా చూసుకొని ముందు నాకు వాట్సాప్‌లో పంపు. నేను చూసి సరే అన్నాకే సేవ్ నొక్కు. ఆ రోజు ఎక్కడికీ వెళ్ళను.

మీ మామ