ముగ్గు వేస్తే వణకని చెయ్యి, పెన్ను పడితే వణుకుతోంది

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 18. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఈ ఏడు కడపలో బీఎస్సీలో చేరి హాస్టల్లో ఉంటున్నాను. స్కూల్లో వ్యాసరచన పోటీ పెడితే ప్రైజు నాదే. నోటుబుక్కులో కథలు కూడా రాసుకునేదాన్ని. ఇప్పుడు ఇంగ్లిష్‌లో అసైన్‌మెంట్ రాయాలంటే అరచేయి చెమటకు పేజీ తడిసిపోతోంది. చెయ్యి వణుకు, గుండె దడ. మొదటి మిడ్ పరీక్షలో తెలిసిన జవాబును కూడా సగంలో వదిలేసి వచ్చాను. ఇంగ్లిష్ పాడవుతుందేమోనని తెలుగులో రాయడమూ మానేశాను. సెలవులకు ఇంటికి వెళ్లి ముగ్గు వేస్తే మాత్రం చెయ్యి బాగానే ఉంది. అమ్మ దిష్టి తీసింది. రూమ్మేట్ వాళ్ల అక్క వైవాకు ముందు వేసుకుంటుందట, ప్రొప్రనలాల్ బిళ్ల ఒకటి ఇచ్చింది. వేసుకోవచ్చా? చలికాలంలో నాకు ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడతాను. ఇది నరాల జబ్బేమోనని భయంగా ఉంది.
– ఓ విద్యార్థిని, కడప

జవాబు: ముందు ఆ బిళ్ల సంగతి. వేసుకోకండమ్మా. రూమ్మేట్‌కు తిరిగి ఇచ్చేయండి. ప్రొప్రనలాల్ గుండె దడను, చేతి వణుకును తగ్గించే మాట నిజమే. కానీ మీలా ఆయాసం (ఆస్తమా) ఉన్నవాళ్లలో అది ఊపిరి గొట్టాలను బిగించేస్తుంది. ఒక్క బిళ్లతోనే ఊపిరాడని పరిస్థితి రావచ్చు. వాళ్ల అక్కకు పడింది కదా అని మీకూ పడాలని లేదు.

ఇంకో సంగతి. మీ ఇన్‌హేలర్‌లో ఉన్నది సాల్‌బ్యూటమాల్ అయితే, పీల్చిన తర్వాత కాసేపు చేతులు వణకడం, గుండె దడదడలాడడం మామూలే. మిడ్ రోజు పొద్దున ఇన్‌హేలర్ తీసుకున్నారేమో గుర్తు చేసుకోండి. ఆ అనుమానంతో మాత్రం ఇన్‌హేలర్ మానేయొద్దు. వారంలో రెండుసార్ల కన్నా ఎక్కువ అవసరమవుతోందంటే ఆయాసమే అదుపులో లేదని అర్థం, దానికి వేరే మందు కావాలి.

ఇక నరాల జబ్బు భయం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ముగ్గు. చుక్కల మధ్య గీత తెగకుండా పిండి జార్చాలంటే బొటనవేలు, చూపుడు వేలు ఎంత నిలకడగా ఉండాలో మీకు నేను చెప్పక్కర్లేదు. పెన్ను పట్టేదీ ఆ వేళ్లే. అక్కడ లేని వణుకు ఇక్కడ వస్తోందంటే తేడా వేళ్లలో ఉండే అవకాశం తక్కువ. రాసేటప్పుడు మాత్రమే వచ్చే జబ్బు ఒకటి ఉంది, రైటర్స్ క్రాంప్ అంటారు. అందులో వేళ్లు వాటంతటవే ముడుచుకుని మెలిపడతాయి, పెన్ను మీద పట్టు బిగుసుకుపోతుంది. భయం లేకపోయినా, తెలుగులో రాసినా అదే తంతు. సాధారణంగా మీకన్నా పెద్ద వయసు వాళ్లలో చూస్తాం. మీరు రాసిన దాంట్లో ఆ లక్షణాలు కనిపించలేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసి న్యూరాలజిస్టు దగ్గరికి పరుగెత్తాల్సిన పని ఇప్పటికైతే లేదు.

రూములో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. చేతులు ముందుకు చాచి, వేళ్లు విడదీసి, వాటి మీద తెల్ల కాగితం పరవండి. స్థిమితంగా ఉన్నప్పుడు కూడా కాగితం అంచు సన్నగా అదురుతుంటే, దాంతోపాటు బరువు తగ్గడం, ఉక్క భరించలేకపోవడం ఉంటే థైరాయిడ్ ఎక్కువైందేమో చూడాలి. ఎలా ఉన్నా రెండు రక్తపరీక్షలు చేయించండి: థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే మీ వయసు ఆడపిల్లల్లో రక్తహీనతే, దడకు అదీ ఒక కారణం. హాస్టల్లో టిఫిన్ ఎగ్గొట్టి రెండు టీలు తాగి క్లాసుకు పోయే అలవాటుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ మామూలుగా ఉంటే మిగిలేది టెన్షన్. టెన్షనే కదా అని తీసిపారేయడం నాకిష్టం లేదు. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. చెమట, దడ, వణుకు మూడూ దాని పనే. అది మీ చేతగానితనం కాదు. పైగా మీరు ఒకేసారి మూడు పనులు చేస్తున్నారు. జవాబు గుర్తు చేసుకోవాలి, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చాలి, మార్చింది తప్పేమో దిద్దుకోవాలి. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగేది కొంచెమే. సగం జాగా భయం తినేస్తే తెలిసిన జవాబు కూడా సగంలోనే ఆగుతుంది.

ఆ పనులను విడదీయండి. అసైన్‌మెంట్ ముందు రఫ్‌లో, నోటికొచ్చిన తెలుగు ఇంగ్లిష్ కలగాపులగంలో రాసేయండి. ‘ఆస్మాసిస్ అంటే నీళ్లు పల్చటి వైపు నుంచి చిక్కటి వైపు పోతాయి, మధ్యలో పొర ఉంటాది’ అని రాసుకున్నా చాలు. ఆ పూటకు దిద్దొద్దు. మర్నాడు దాన్ని ముందు పెట్టుకుని, పొట్టి వాక్యాల్లో ఇంగ్లిష్‌లోకి మార్చండి. ఫెయిర్ చేయడం ఆఖరున. నేను ఎంబీబీఎస్ మొదటి ఏడు అనాటమీ రికార్డు మొదటిసారే ఫెయిర్‌గా రాయాలని కూర్చుని, రాత్రి రెండింటికి నాలుగు లైన్లు రాసి చించేసిన బాపతు. ఈ పద్ధతి నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఒక రికార్డుబుక్కు డబ్బులు మిగిలేవి.

తెలుగు నోటుబుక్కు మానేశారు చూడండి, అది పొరపాటు. తెలుగు రాస్తే ఇంగ్లిష్ చెడదు. అమెరికన్ సైకాలజిస్టు జేమ్స్ పెన్‌బేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు మనసులోని బాధ రాయించారు. రాసిన వెంటనే కాస్త దిగులు పెరిగింది కానీ, తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి పోవడం తగ్గింది. తర్వాతి పరిశోధనల్లో లాభం అంత పెద్దగా కనిపించలేదు, కాబట్టి దీన్ని మందు అనను. ఖర్చు లేని పని, అంతే. పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాన్ని కాగితం మీద పెట్టిన విద్యార్థులు మెరుగ్గా రాశారని 2011లో ఇంకో పరిశోధన వచ్చింది. రెండో మిడ్‌కు ముందు ప్రయత్నించండి. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు, చించేయొచ్చు.

మీరుంటున్న కడపలోనే, ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన ఇంగ్లిష్ దొర సి.పి. బ్రౌన్ పేరు మీద పెట్టింది. ఆదివారం తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్లి కూర్చోండి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చేటప్పటికి 22 ఏళ్లు నిండలేదు. తనకు పరాయి భాష అయిన తెలుగును పండితుల దగ్గర దిద్దించుకుంటూ పోతే, నిఘంటువు అచ్చుకొచ్చేసరికి 1852 అయింది. మీరు చేరి ఎన్ని నెలలైంది?

మీ ఇంగ్లిష్ లెక్చరర్‌కు సంగతి చెప్పి, ఒక పేజీ దిద్ది ఇమ్మని అడగండి. నలుగురిలో అడగలేకపోతే స్టాఫ్‌రూముకు వెళ్లండి. అమ్మ దిష్టి తీసినందుకు నాకేం అభ్యంతరం లేదు, ఆయాసం ఉంది కాబట్టి మిరపకాయల పొగకు మాత్రం దూరంగా కూర్చోండి.

నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం రెండు వారాలు దాటినా, క్లాసులు ఎగ్గొట్టాలనిపించినా సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.