చిట్టికి, కాశీబుగ్గ నుంచి

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న మీ అమ్మ ఫోను చేసింది. విజయనగరంలో కోర్టు పని సగం పక్కన పెట్టి మహిళా సంఘాలన్నిటినీ ఒక్క తాటి మీదకు తెస్తున్నావట. చిన్న చిన్న యూనిట్లలో పనిచేసే ఆడవాళ్లకు పిల్లల్ని చూసుకునే కేంద్రం, ప్రసూతి సెలవుకు జీతం దక్కేలా రాష్ట్రం చట్టం చేయాలని ఊరూరా తిరుగుతున్నావట. వింటున్నంతసేపూ గర్వంగా ఉంది. పడుకున్నాక భయం పట్టుకుంది. నిద్ర రాక లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. కాగితమైతే దాచుకుంటావు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. సమావేశంలో అనుకున్నవన్నీ అప్పటికప్పుడు రాయించు. డబ్బు లెక్క నెలనెలా అందరి ముందూ పెట్టు. అన్ని పార్టీల గడపా తొక్కు. వినతిపత్రం ఒక్క పేజీ దాటనివ్వకు. సోమవారం కలెక్టరు గారి గ్రీవెన్సులో ఇచ్చినా, ఇంకెక్కడ ఇచ్చినా, అందినట్టు ముద్ర వేయించుకోకుండా బయటకు రాకు.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1996లో నేను పలాస దగ్గర ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మూడో తరగతి ఆడపిల్లలు వారంలో మూడు రోజులు బడికి వచ్చేవారు కాదు. ఇళ్లకు వెళ్లి చూస్తే ఒక్కొక్కరి చంకలో ఒక చంటిబిడ్డ. తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి వెళితే, ఎనిమిదేళ్ల పిల్ల ఇంట్లో తల్లి పని చేస్తోంది. పని దగ్గరే బిడ్డల్ని ఉంచే ఒక గది ఉంటే ఈ పిల్ల బడికి వస్తుంది కదా అనిపించింది. అంత చిన్న కోరిక. అర్జీ రాశాను. రాత్రిపూట బడి వరండాలో లాంతరు పెట్టి ఆడవాళ్లను పిలిచాను. నలభై ముగ్గురు వచ్చారు.

ఒకామె బొటనవేలు స్టాంపు ప్యాడు మీద ఒత్తి కాగితం మీద పెట్టించాను. గీతలు పడలేదు, నల్లటి మచ్చ పడింది. తుడిచి మళ్లీ పెట్టించాను. మళ్లీ మచ్చే. లాంతరు దగ్గరకు తీసి ఆ వేలు చూశాను. జీడి రసం చర్మాన్ని తినేసి, వేలి కొన నున్నగా, రాయిలా అయిపోయింది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా ఆ రసం ఆగదు. "పోనీలెండి టీచరమ్మా, పక్కన నా పేరు రాసేయండి" అన్నది ఆమె.

రాశాను. ఆమె పేరు, భర్త పేరు, ఊరు, ఏ యజమాని దగ్గర పనిచేస్తుందో కూడా. నలభై ముగ్గురికీ అలాగే గుండ్రటి అక్షరాలతో రాశాను. అంత శ్రద్ధగా రాసినందుకు ఆ రాత్రి సంతోషపడ్డాను కూడా. ఆ అర్జీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో నాకు ఈనాటికీ తెలియదు. పది రోజుల్లో దాని నకలు యజమానుల దగ్గర ఉంది. పదకొండు మందిని రేపటి నుంచి రావద్దన్నారు.

ఆ వేలు నున్నబడినామె ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. గడప దగ్గరే నిలబడి, "టీచరమ్మా, ఆ కాగితం మీద నా పేరు కొట్టేయడానికి వీలవుతుందా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. కొద్ది రోజులకు పిల్లల్ని తీసుకుని ఇటుక బట్టీల పనికి వలస పోయింది. ఆమె కూతురు నా తరగతే. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదురుగా ఏడాది చివరి వరకూ గైర్హాజరు వేస్తూ వచ్చాను. నా జీతం మాత్రం ఒకటో తారీఖున వస్తూనే ఉంది.

చిట్టీ, నీ మీద నాకు ఇందుకే భయం. నీకేదో అవుతుందని కాదు. నువ్వు నల్లకోటు వేసుకున్నదానివి, నీ జోలికి అంత తొందరగా ఎవరూ రారు. నీ వెనక సంతకం పెట్టే మనిషికి మరునాడు పొయ్యి వెలగాలి. చట్టానికి పదేళ్లు పట్టవచ్చు, ఆమె కూలి మాత్రం ఏ రోజుకు ఆ రోజే కావాలి. అందుచేత పేర్లు బయటకు ఇవ్వకు. ఇవ్వక తప్పని రోజు వస్తే, ఏం జరగవచ్చో ఆమెకు విడమరచి చెప్పి, ఒక రాత్రి గడవనిచ్చి, మరునాడు మళ్లీ అడుగు. వద్దంటే మారుమాట అనకు. పని పోయినవాళ్ల కోసం రెండు నెలల కూలికి సరిపడా డబ్బు ముందే కూడబెట్టు. బ్యానర్లు ఆ తరువాత కొట్టించవచ్చు.

పేర్లు లేకపోతే ఎవరు వింటారంటావేమో. మీ విజయనగరం సంగతే చూడు. కన్యాశుల్కాన్ని నేరం చేస్తూ బిల్లు తేవాలన్న చర్చ నడిచిన రోజుల్లో ఆనంద గజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. అందులో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. గురజాడ వారు రాసి ఉంచబట్టి ఆ అంకె మనదాకా వచ్చింది. ఇప్పుడు చదివినా కడుపులో దేవుతుంది. ఆ ముగ్గురు పసివాళ్ల పేర్లు తెలియనక్కర లేకపోయింది. నువ్వూ లెక్క తీయించు. ఎంతమంది పనిచేస్తున్నారు, రోజుకు ఎన్ని కిలోలు, ఎన్ని గంటలు, ఐదేళ్లలోపు పిల్లలు ఎంతమంది, పగలు ఆ పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు. పేర్లున్న కాగితం నీ బీరువా దాటకూడదు.

ముసాయిదా రాసేటప్పుడు మినహాయింపుల మీద కన్నేసి ఉంచు. మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కేంద్రం ఆ పని చేసింది 2005లో. ఇరవై ఏళ్లు ముందున్నాం, నిజమే. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదని అందులో ఒక వాక్యం ఉంది. నా పెళ్లి 1979లో అయింది. మీ అమ్మ పెళ్లి 1987లో. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరం, ఒక్క వాక్యం దగ్గర వేరయ్యాం. మీ అమ్మ మీద నాకు ఏనాడూ అసూయ లేదు. ఆ వాక్యం పెడుతుంటే ఊరుకున్నవాళ్ల మీదే కోపం.

ఇప్పుడు కేంద్ర చట్టం యాభై మంది పనిచేసే చోటే పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలంటుంది. ఇరవై మంది, ముప్పై మంది ఉండే చోట్ల తల్లులు ఏం కావాలి? ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవుకు అంతకు ముందు ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసినట్టు చూపించాలి. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషి పేరు మస్టరులోనే ఉండదు, ఎనభై రోజులు ఎలా చూపిస్తుంది? నన్నడిగితే మొదటి కోరిక అదే కావాలి: ప్రతి మనిషికీ రోజూ హాజరు రాసిన చీటీ చేతికివ్వాలి. గది గోడలు ఆ తరువాత లేస్తాయి. ఇంకొకటి, కేంద్ర చట్టంతో పేచీ వచ్చే మాట ఉంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆడవాళ్ల మీద అఘాయిత్యాలకు త్వరగా శిక్ష పడాలని 2019 డిసెంబరులో మన సభ ఆమోదించిన దిశ బిల్లు అక్కడే ఆగిపోయింది. నాకంటే నీకే బాగా తెలుసు, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

శ్రీకాకుళం, విజయనగరం, మన రెండు పాత జిల్లాలవీ కలిపితే పందొమ్మిది అసెంబ్లీ స్థానాలు. సభలో 175. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు, భీమవరం వైపు రొయ్యలు వొలిచేవాళ్లు నీతో లేకపోతే ఇది శ్రీకాకుళం గోల అని పక్కన పెడతారు. వాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడు మన జీడిపప్పు సంగతి ముందు చెప్పకు. వాళ్ల చేతులు చూడు. మిరప ఘాటుకు అవి ఎలా మండుతాయో చెప్పనివ్వు. అంగన్‌వాడీ వాళ్లను మరచిపోకు. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నవాళ్లు వాళ్లు. పిల్లల కేంద్రం చివరికి నడపవలసిందీ వాళ్లే. వాళ్ల మీద ఇంకో బరువు వేసే చట్టం తేకు.

బిల్లు పాసైతే ఇంటికి వచ్చేయకు. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో మద్యం మొత్తం ఆగింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరు రాష్ట్రమంతా గెలిచింది. మేము ఇక్కడ పసుపు కుంకుమలు పంచుకుని ఎవరి ఇళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. 1997లో మద్య నిషేధం ఎత్తేసేనాటికి పిలిస్తే వచ్చేవాళ్లు పదిమంది లేరు.

మీ అమ్మను కసురుకోకు. నీ భోజనం గురించి అడిగితే అది నీ పనికి అడ్డం కాదు. రాత్రి బస్సులో తిరిగేటప్పుడు చెవులకు మఫ్లరు చుట్టుకో, చిన్నప్పటి నుంచీ నీకు చెవిపోటు ఉంది.

ముసాయిదా పూర్తయ్యాక ఒక ప్రతి పంపు. పెద్ద అక్షరాల్లో తీయించు. కంటికి ఆపరేషన్ చేయించుకున్నాను, ఇప్పుడు బాగానే కనబడుతోంది. మినహాయింపులు ఏ పేజీలో ఉన్నాయో గుర్తు పెట్టి పంపించు.

మీ పెద్దమ్మ